పాత ఫైబర్ బోటు ఇంట్లో బాగుచేసుకోవడం: విశాఖ తేమలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

వెనక పలకకు ఆరు మిల్లీమీటర్ల బిట్‌తో బెజ్జం వేశాను. మొదట తెల్లటి ఫైబర్ పొడి రాలింది. కాస్త లోపలికి పోయాక గట్టిదనం అంతా ఒక్కసారిగా పోయి, బిట్ దానంతట అదే దూసుకుపోయింది. బయటికి తీస్తే దాని గాడుల్లో వాడేసిన టీ పొడి లాంటి నల్లటి ముద్ద. నానబెట్టి మర్చిపోయిన కొబ్బరి పీచు వాసన. బోటు మాత్రం పైకి నిగనిగలాడుతోంది, అప్పటికి నెల కిందటే రంగు వేశారు. పక్కన నిలబడి చూస్తున్న జాలారిపేట పెద్దాయన ఒక్క మాట అన్నాడు: "రంగు సూసి బోటు కొనకూడదు బాబూ. తట్టి సూడాల."

అది పదహారడుగుల బోటు. కొమ్మాదిలో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో, పాత టైర్ల మీద పెట్టి ఏడాదిన్నర పనిచేశాను. ఏ రెజిన్ (ఫైబర్ గుడ్డను తడిపి గట్టిపడే జిగురు) వాడాలి, ఏ చెక్క, ఏ రంగు అని వచ్చిన ప్రతి సందేహానికీ చివరికి జవాబు ఒకచోటే దొరికింది. మన ఊళ్లో గాలిలో నీరు ఉంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా సముద్రం మీంచి తేమ వస్తూనే ఉంటుంది. పొడి ఊళ్లకు రాసిన సలహాలు ఇక్కడ సగమే పనిచేస్తాయి. అందుకే కింద చెప్పేదంతా తేమను లెక్కలో పెట్టుకునే చెబుతున్నాను. పన్నెండు నుంచి ఇరవై అడుగుల లోపు బోటు ఉండి, ఇంటి దగ్గర కాస్త జాగా ఉన్నవాళ్ల కోసం ఇది.

బాగుచేయాలా, వదిలేయాలా

డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే. కొనే ముందు ఒక పదిరూపాయల బిళ్ల, సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్లండి. బోటు అడుగంతా, వెనక పలకంతా బిళ్లతో జానెడు దూరానికొకసారి తట్టండి. బాగున్న చోట టక్‌మని స్పష్టంగా మోగుతుంది. లోపల చెక్క చీకినా, పొరలు విడిపోయినా డబ్‌మని మొద్దుగా వినిపిస్తుంది. మొద్దుగా వినిపించిన చోటల్లా సుద్దతో గీయండి. అరగంటలో బోటు జబ్బు పటం మీ కళ్ల ముందు ఉంటుంది.

గీతలు వెనక పలకకూ లోపలి నేలకూ పరిమితమైతే ధైర్యంగా తీసుకోవచ్చు. ఆ రెండూ విప్పి మార్చుకోగల భాగాలు. నేల కింద పొడుగునా వెళ్లే దూలాలు కూడా మెత్తబడితే పని రెట్టింపవుతుంది, అయినా చేయొచ్చు. అడుగు భాగమే రెండు ఫైబర్ పొరల మధ్య చెక్కో నురగో పెట్టి చేసిందై, ఆ మధ్య భాగం నీరు పట్టి ఉంటే మాత్రం వదిలేయండి. ఎంత చవకగా ఇచ్చినా వద్దు. దాన్ని ఇంట్లో ఆరబెట్టడం మన వాతావరణంలో అయ్యే పని కాదు.

పగుళ్లను చూసి కంగారు పడక్కర్లేదు. సాలెగూడులా సన్నగా కనిపించేవి చాలావరకు జెల్‌కోట్ అనే పైనున్న మెరిసే పూతలోనే ఉంటాయి. ఎమెరీ పేపర్‌తో కాస్త అరగదీస్తే మాయమైపోతాయి. అరగదీసినా పగులు కిందికి వెళ్తూ, దాని చుట్టూ ఫైబర్ తెల్లగా పాలిపోయి ఉంటే అది అసలు దెబ్బ. నీటిలో ఎక్కువకాలం ఉన్న బోట్లకు అడుగున బొబ్బలు వస్తాయి. కంటికి రక్షణ అద్దాలు పెట్టుకుని ఒక బొబ్బను గుచ్చి చూడండి. ఘాటైన పులుపు వాసనతో జిగటగా నీరు కారితే, తేమ జెల్‌కోట్ దాటి లోపలి రెజిన్‌ను తినడం మొదలుపెట్టిందని అర్థం. పదో ఇరవయ్యో అయితే ఒక్కొక్కటే తెరిచి, కడిగి, ఆరబెట్టి పూడ్చుకోవచ్చు. అడుగంతా ఉంటే జెల్‌కోట్ మొత్తం చెక్కి తీయాలి, మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడగాలి, వారాల తరబడి ఆరబెట్టాలి.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి తేమ కొలిచే మీటరు లేకపోయినా ఒక పద్ధతి ఉంది. నీడ పట్టున, రెండడుగుల చదరం పారదర్శక పాలిథిన్ షీటును అడుగుకు అంటించి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపు వేసి ఒక రోజంతా వదిలేయండి. లోపలివైపు చెమట పట్టినట్టు చుక్కలు కనిపిస్తే ఇంకా ఆరలేదన్నమాట. నాకు వరసగా ఐదు వారాలు చుక్కలు కనిపించాయి. ఆరో వారం షీటు పొడిగా ఊడి వచ్చింది. ఆ రోజు కలిగిన ఆనందం బోటు నీటిలో దిగిన రోజు కూడా కలగలేదంటే నమ్మండి.

కాగితాల సంగతి కూడా. చేపల వేటకు వాడిన బోటైతే మీద రాసిన నంబరూ, రిజిస్ట్రేషన్ కాగితంలో నంబరూ ఒకటేనా చూసుకుని, పేరు మార్పిడి ఎలాగో మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కున్నాకే డబ్బు ఇవ్వండి.

ఏ నెలల్లో, ఎవరి చేత

విశాఖలో ఈ పనికి మంచి కాలం జనవరి చివరి నుంచి మార్చి వరకు. జూన్ నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. డిసెంబరులో పొద్దున్నే బోటు మీద మంచు నీరు కారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రెజిన్ చేతిలోనే గట్టిపడిపోతుంది. ఇంకో లెక్క కూడా ఉంది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజుల్లోనే బోట్లన్నీ రిపేరుకు వస్తాయి కాబట్టి ఫైబర్ పని తెలిసిన మనిషి దొరకడం కష్టం, దొరికినా మీ చిన్న బోటుకు తీరిక ఉండదు. ఫిబ్రవరిలో అడిగితే అదే మనిషి ఇంటికొచ్చి నిదానంగా నేర్పిస్తూ పనిచేస్తాడు.

అంతా మనమే చేసుకోవాలా, మొత్తం వర్క్‌షాపుకు ఇచ్చేయాలా అంటే నేను మధ్యదారే చెబుతాను. మొదటి మ్యాట్ (ఫైబర్ తునకల చాప) పొరలు వేయడం, వెనక పలక అతికించడం తెలిసినవాళ్లతో దగ్గరుండి చేయించుకోండి. విప్పడం, ఆరబెట్టడం, అరగదీయడం, లప్పం పెట్టడం, రంగు వేయడం మీరు చేసుకోండి. మొత్తం వర్క్‌షాపుకు ఇస్తే వచ్చే చిక్కు పనితనం కాదు, ఓపిక. రోజుకింత అని అద్దె, కూలీ నడుస్తుంటే ఐదు వారాలు ఆరబెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు. తడి మీదే పొర వేసేస్తారు. నా బోటుకు అంతకుముందు జరిగింది అదే. పాత ప్యాచ్ కింద గోరు దూర్చి లాగితే అట్టముక్కలా మొత్తం లేచి వచ్చింది.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. పాలిస్టర్ రెజిన్ నుంచి వచ్చే స్టైరీన్ వాసన మెట్ల మీదుగా ప్రతి ఇంట్లోకీ వెళ్తుంది, అది మంటకు అంటుకునే ఆవిరి కూడా. ఖాళీ జాగాలో చేసినా తుపాను రోజుల్లో బోటును నాలుగు వైపులా నేలకు కట్టేయాలి. ఇంజను తీసేసిన ఖాళీ డొప్ప ఎంత తేలికో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఎవరికీ చెప్పక్కర్లేదు.

పాలిస్టరా, వినైల్ ఎస్టరా, ఎపాక్సీనా

ఇవి మూడు రకాల రెజిన్లు, ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. షాపువాళ్లు మొదట చేతికిచ్చేది జీపీ రెజిన్, అంటే మామూలు పాలిస్టర్. నీటి ట్యాంకు మూతలకు, కుర్చీలకు చాలు. ఉప్పునీటిలో నానే బోటు అడుగుకు అది వద్దు. పాలిస్టరే వాడాలనుకుంటే ఐసో రెజిన్ అని అడిగి తీసుకోండి, నీటిని దానికంటే బాగా ఆపుతుంది. వినైల్ ఎస్టర్ ఆ రెండింటికంటే మేలు, కానీ నిల్వ ఉండదు, ఎండకు ఇంకా త్వరగా పాడవుతుంది. డబ్బా మీద తయారీ తేదీ చూడకుండా ఏ రెజిన్ కూడా కొనొద్దు.

ఎపాక్సీ ధర నేను అడిగిన చోటల్లా జీపీకి మూడు రెట్ల పైనే చెప్పారు. అంత పెట్టడం ఎందుకంటే, పాత ఫైబర్‌నూ చెక్కనూ అది పట్టుకున్నంత గట్టిగా పాలిస్టర్ పట్టుకోదు. కొత్త బోటు అచ్చులో తయారయ్యేటప్పుడు పొరలన్నీ పచ్చిగా ఉండగానే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి కాబట్టి అక్కడ పాలిస్టర్ సరిపోతుంది. రిపేరు అలా కాదు. ఎప్పుడో గట్టిపడిన పాత పొర మీద కొత్త పొర కేవలం అతుక్కుని నిలబడాలి. పైగా పాలిస్టర్ గట్టిపడేటప్పుడు ఎపాక్సీ కంటే బాగా ఎక్కువ కుంచించుకుపోతుంది, ప్యాచ్ అంచుల దగ్గర లాగుడు మొదలవుతుంది. తేమ చొరబడేది ఆ అంచుల్లోంచే.

ఒక్క నియమం మాత్రం మర్చిపోవద్దు. పాలిస్టర్ మీద ఎపాక్సీ పడుతుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా పట్టదు. మామూలు జెల్‌కోట్ కూడా పాలిస్టరే. కాబట్టి చివర జెల్‌కోట్ వేసి పాత బోటు మెరుపు తెప్పించాలనుకుంటే ఆ చోట మొదటి నుంచీ ఐసో గానీ వినైల్ ఎస్టర్ గానీ వాడాలి. చివర రంగు వేస్తారంటే నిశ్చింతగా ఎపాక్సీ వాడొచ్చు. అంటే రెజిన్ డబ్బా తెరవక ముందే ఆఖరి పూత ఏదో తేల్చుకోవాలి. నేను తేల్చుకున్నది ఇది: వెనక పలక, దూలాలు, నీటి మట్టం కింద ప్యాచ్‌లు అన్నీ ఎపాక్సీ, సీట్లు, పెట్టెల మూతలు ఐసో. మొత్తం ఎపాక్సీతో చేయగల స్తోమత ఉంటే అదే చేయండి. రెండు రకాలూ ఉంటే ఏ బ్రష్ దేనిదో గుర్తుపెట్టుకోవడమే ఒక టెన్షన్.

కలిపే పద్ధతిలో రెండింటికీ పోలికే లేదు. పాలిస్టర్‌కు కేటలిస్ట్, అంటే దాన్ని గట్టిపడేలా చేసే ద్రవం, ఒకటి నుంచి రెండు శాతం. కిలో రెజిన్‌కు 15 గ్రాములు అనుకోండి. ఎండ ఎక్కువున్న రోజు పది వరకు తగ్గించొచ్చు, అంతకంటే తగ్గిస్తే పొర ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. ఎపాక్సీకి అలా హెచ్చుతగ్గులు కుదరవు. డబ్బా మీద రెండుకు ఒకటి అంటే రెండు పాళ్ల రెజిన్‌కు ఒక పాలు హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే రెండో భాగం), అంతే. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే అది మెత్తగా, జిగటగా ఉండిపోతుంది. మన ఎండకు స్లో హార్డెనర్ అడిగి తీసుకోండి.

మే నెలలో ఒక మధ్యాహ్నం అరకిలో ఎపాక్సీ ప్లాస్టిక్ మగ్గులో కలిపి ఫోను వస్తే పక్కకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి మగ్గు అడుగు మెత్తబడి వంగిపోయింది, పైన పసుపుపచ్చటి పొగ. కలిపిన రెజిన్ కుప్పగా ఉంటే దాని వేడి దాన్నే ఇంకా వేడెక్కిస్తుంది. దాన్ని ఆరుబయట ఇసుకలోకి తోసి దూరంగా నిలబడ్డాను. అప్పటి నుంచి ఒకసారికి రెండు వందల గ్రాములకు మించి కలపలేదు. కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పల్చగా పరిచేస్తాను, వేడి నిలవకుండా.

ఇంతకంటే ప్రమాదం పాలిస్టర్‌లో ఉంది. కొన్నిచోట్ల రెజిన్, కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రవం), కేటలిస్ట్ మూడూ విడివిడిగా ఇస్తారు. కోబాల్ట్, కేటలిస్ట్ నేరుగా ఒకదానిలో ఒకటి కలిస్తే భగ్గుమంటాయి, పేలనూ వచ్చు. కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ ఇమ్మని అడగండి. లేదంటే మొదట కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే కేటలిస్ట్ వేయండి. రెండింటికీ ఒకే సిరంజి వాడొద్దు. కేటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. అద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకండి. గుడ్డ మాస్కు స్టైరీన్ ఆవిరిని ఆపదు. దానికి కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి.

తేమ ఎపాక్సీకి ఇంకో రకంగా అడ్డొస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక వేసిన పొర మీద తెల్లారేసరికి మైనంలాంటి జిడ్డు పొర కడుతుంది. దాన్ని అరగదీయడం మొదలుపెడితే జిడ్డు ఇంకా లోపలికి రుద్దుకుపోతుంది. ముందు మంచినీళ్లు, గిన్నెలు తోమే పచ్చ పీచుతో కడిగి, తుడిచి, ఆరాక అప్పుడు అరగదీయాలి. ఉదయం పది దాటాక మొదలుపెట్టి మూడింటికల్లా రెజిన్ పని ఆపేస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

మ్యాట్, నేత గుడ్డ

పాలిస్టర్‌తో అయితే చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే తునక మ్యాట్, దాని మీద 600 గ్రాముల నేత గుడ్డ, మళ్లీ మ్యాట్, ఇలా మార్చి మార్చి వేస్తారు. 450 మ్యాట్ ఒక పొర సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది, చదరపు మీటరుకు దాదాపు కిలో రెజిన్ తాగుతుంది. నేత గుడ్డ దాని బరువుకు సమానంగా తాగితే చాలు. ఎపాక్సీ కొన్నవాళ్లు మాత్రం తునక మ్యాట్ కొనొద్దు. ఆ తునకలను కలిపి ఉంచే బంక పాలిస్టర్‌లోని స్టైరీన్‌కు కరిగేలా తయారైంది. ఎపాక్సీకి సరిగా కరగదు, మ్యాట్ మెత్తబడక మూలల్లో లేచి నిలబడుతుంది. ఎపాక్సీకి నేత గుడ్డ, లేదా దారంతో కుట్టిన బయాక్సియల్ (రెండు దిక్కుల పోగుల) గుడ్డ.

రంధ్రం పూడ్చేటప్పుడు దాని అంచును పల్చగా వాలుగా అరగదీయాలి, మందానికి పన్నెండు రెట్లు. ఆరు మిల్లీమీటర్ల మందం ఉంటే చుట్టూ ఏడు సెంటీమీటర్ల పైన వాలు. అంత బాగున్న ఫైబర్‌ను అరగదీయాలంటే చేయి రాదు. అయినా అరగదీయండి. నిటారు అంచుకు ముక్క ఇరికించి పైన లప్పం రాస్తే మొదటి అలకే చుట్టూ గీత కనిపిస్తుంది.

వెనక పలకకు ఏ చెక్క

ట్రాన్సమ్ అని షాపుల్లో అనే ఈ వెనక పలకే ఇంజను బరువునూ తోపునూ మోస్తుంది. ఇక్కడ మూడు దారులున్నాయి: మెరైన్ ప్లైవుడ్, గట్టి పీవీసీ ఫోమ్, రెండు పొరల మధ్య పోసే రెజిన్ మిశ్రమం. పోసే మిశ్రమం పని సులువు చేస్తుంది, కానీ లోపల చీకిన చెక్కనంతా తీయకుండా పోస్తే లాభం లేదు. అంత సన్నటి సందులోంచి మొత్తం తీయడం చాలా కష్టం. ఫోమ్ చీకదు. ఇంజను బోల్టుల బిగింపుకు నలగని చాలా గట్టి రకమే కావాలి, దాని ధర ఎక్కువ, విశాఖలో తెప్పించుకోవాల్సి వస్తుంది. నేను ప్లైవుడ్‌కే ఓటు వేస్తాను. షాపులో 710 ప్లై అని అడగండి, అది ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం. వాటర్‌ప్రూఫ్ అని చెప్పి 303 ముద్ర ఉన్న మామూలు ప్లై ఇస్తే తీసుకోవద్దు.

కానీ 710 కూడా చీకుతుంది. జిగురు ఊడదు, చెక్క మాత్రం చెక్కే. దాని ప్రాణం అంచుల్లోనూ బోల్టు బెజ్జాల్లోనూ ఉంటుంది. కోసిన ప్రతి అంచుకూ పల్చటి ఎపాక్సీ తాగినంత పట్టించండి, మూడు సార్లు. బోల్టు బెజ్జాన్ని కావలసినదానికంటే పెద్దగా వేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు సైజు బెజ్జం వేయండి. అప్పుడు సీలెంట్ ఎప్పుడైనా పాడైనా నీరు తగిలేది ఎపాక్సీకే, చెక్కకు కాదు. నా బోటు పాత పలక చీకడం మొదలైంది నీరు కారే గొట్టం బెజ్జం దగ్గర. ఆ ఒక్క బెజ్జానికి ఎవరూ ఏమీ పూయలేదు.

సీట్ల కింద తేలడానికి చాలామంది థర్మాకోల్ పెడతారు. దాని మీద పాలిస్టర్ వేస్తే కళ్ల ముందే కరిగి గుంటలు పడుతుంది, స్టైరీన్‌కు థర్మాకోల్ ఆగదు. ఎపాక్సీ అయితే ఏమీ కాదు.

పూత, బోల్టులు

మామూలు ఎనామెల్ చవక. ఏడాదికోసారి వేసుకునే ఓపిక ఉంటే తప్పేమీ లేదు. రెండు డబ్బాల్లో వచ్చి, కలిపి వాడే పాలీయురథేన్ రంగు ఖరీదెక్కువే కానీ మన ఎండకు ఏళ్ల పాటు మెరుపు నిలుపుకుంటుంది, ఎపాక్సీ ప్రైమర్ మీద బాగా పడుతుంది. దాన్ని ఇంట్లో స్ప్రే చేయొద్దు. అందులోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చెరుపు. చిన్న రోలర్‌తో పరిచి, వెంటనే మెత్తటి బ్రష్ కొనతో ఒకే దిక్కుకు తేలిగ్గా లాగితే చాలు, గజం దూరం నుంచి స్ప్రే చేసినట్టే ఉంటుంది. ఎపాక్సీ ఎండకు తట్టుకోదు కాబట్టి పైన ఏదో ఒక రంగు లేకుండా మాత్రం వదలకూడదు.

అడుగున నాచు, గుల్లలు పట్టకుండా వేసే యాంటీఫౌలింగ్ రంగు కావాలా వద్దా అన్నది బోటు ఎక్కడ పడుకుంటుందన్నదాన్ని బట్టి. ఫిషింగ్ హార్బర్ లాంటి చోట నీటిలోనే కట్టి ఉంచితే తప్పనిసరి. భీమిలిలోనో రుషికొండలోనో ఇసుక మీదికి లాగి పెట్టేవాళ్లకు, ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చుకునేవాళ్లకు అనవసరం, రెండు లాగుడులకే ఇసుక దాన్ని గీకేస్తుంది. ఆ డబ్బుతో అడుగు మధ్య వెన్ను పొడుగునా అరచేతి వెడల్పున మూడు పొరల గుడ్డ అదనంగా వేయించుకోండి.

బోల్టులు, మడత బందులు స్టెయిన్‌లెస్ అంటే సరిపోదు. 304 రకం మన బీచ్ గాలికి త్వరలోనే గోధుమ రంగు చారలు కారుస్తుంది. 316 కావాలి. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు. బోల్టు తలకాయ మీద చూడండి: ఏ2 అని ఉంటే 304, ఏ4 అని ఉంటే 316. నేను మొదట తెచ్చిన డజనులో ఏ4 మూడే ఉన్నాయి. మిగతా తొమ్మిదీ తిరిగి ఇచ్చేశాను, పలకకు ఇంజను బిగించే నాలుగింటి కోసం ఇంకో వారం ఆగాను.